శివారు

తెల్లారి ఐదింటికి పరగడుపున మాత్ర.
గంటదాకా కాఫీ లేదు.
ఆ గంటలో లొల్ల లాకుల మీదకి నడుస్తాను,
గేజిరాయి మీద నీళ్ళు ఏ గీతని తాకాయో చూసి
రిజిస్టర్లో రాస్తాను.
ఏడడుగుల రెండంగుళాలు.
రాసి, మళ్ళీ చూస్తాను.
చూసిందే రాశానో లేదోనని ఇంకోసారి.

నాన్న ఇక్కడే లస్కరు.
గేజి చూసేవాడు కాదు,
నీటి చప్పుడు విని చెప్పేవాడు.
ఆయన పోయాక ఉద్యోగం నాకిచ్చారు,
ఆ చెవి ఇవ్వలేదు.

మొన్న ఏఈ గారు ఫోన్లో అడిగారు,
ఎడమవైపుది ఎన్నంగుళాలు ఎత్తావమ్మా అని.
ఎత్తింది నేనే. చేతికి గ్రీజు ఇంకా పోలేదు.
ఎత్తినదాని పేరు రాలేదు.
"అదేనండి... అది... నీళ్ళ తలుపు."
ఆయన నవ్వారు. పక్కనున్న సత్తిపండూ నవ్వాడు.
ఆ రోజు నుంచీ లాకుల మీద అందరికీ అది నీళ్ళ తలుపే.
నేనూ నవ్వాను.
నవ్వుతూనే వెతుక్కున్నాను,
ఊడ్పు చేలో మెట్టె జారిపోయినావిడ
బురదంతా కాలివేళ్ళతో తడుముకున్నట్టు.

నిద్ర చాలలేదంటారు.
నిద్రపోతాను, తొమ్మిది గంటలు.
లేచేసరికి బుర్రనిండా గుర్రపుడెక్క,
పైకి పచ్చగా, ఊదా పూలతో సహా.
కింద నీళ్ళున్నాయి. కదలవు.

రాజమండ్రి డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది.
నాకర్థమైంది ఇంతే:
గట్టు కాయమని పెట్టిన మనుషులే
రాత్రిళ్ళు గట్టు తవ్వుతున్నారు.
ఎందుకండీ అంటే, ఆవిడ పెన్నుకి మూత పెట్టింది.

ఆర్నెల్లకి రిపోర్టు చూసి,
"రెండు పాయింట్ నాలుగు. బ్రహ్మాండంగా ఉందమ్మా."
ఈ మాట ఎక్కడో విన్నాననుకున్నాను.
బస్సు రావులపాలెం దాటాక తెలిసింది.
వినలేదు. అన్నాను.

పదకొండేళ్ళుగా, ప్రతి దాళవాకీ,
ఉప్పలగుప్తం శివారు నుంచి వచ్చిన రైతులకి
రిజిస్టరు తిప్పి చూపించి మరీ అన్నాను:
లాకు దగ్గర నిండుగా ఉందండి.
గుత్తుల ధర్మారావు గారొక్కరే వాదించలేదు.
తువ్వాలు విప్పి, తన చేలోంచి తెచ్చిన మట్టిపెళ్ళ
రిజిస్టరు మీద పెట్టి,
"ఆయ్, నిండుగానే ఉందమ్మా" అని
సైకిలెక్కి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ బల్లమీద నేనేం పెట్టను?
రెండుసార్లు ఉప్పేసిన పులుసా?
వేశానో లేదోనని సందు చివర నుంచి
వెనక్కొచ్చి చూసిన తాళమా?
పిల్లాడు ఏడో ఎక్కం అప్పజెబుతుంటే
ఏడారుల దగ్గర నేనెటో పోయి,
వాడు ఏడు పదులు డెబ్బై అనేసి పుస్తకం మూసినా
తిరిగి రాకపోవడమా?

ఇప్పుడు వంతులు పెట్టుకున్నాను.
పొద్దున్న పారేది గేజికి.
పదినుంచి రెండుదాకా ఆఫీసు కాగితాలకి.
సాయంత్రం వాడి లెక్కలకి, మిగిలితే.
చుట్టాల ఫోన్లకి ఈ పంటకి నీళ్ళు లేవు.
వదినకి కోపంగా ఉంది. ఉండనీ.

గుత్తుల వారి వంతు రాత్రిపూట పడింది.
ఎవరూ పంపలేదు, టార్చి పట్టుకుని నేనే వెళ్ళాను.
ఆయనా నేనూ గట్టుమీద కూర్చున్నాం.
చాలాసేపు ఏమీ లేదు, కప్ప కూడా అరవలేదు.
తర్వాత బోదెలో నాలికంత తడి,
ఎండుగడ్డిని తోసుకుంటూ, ఆగి, ఓ నెర్రెలోకి దిగిపోయి,
అది నిండేదాకా కనబడకుండా,
మళ్ళీ.
"వచ్చింది" అన్నారాయన, నాతో కాదు.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే
షట్టరు.
అడిగినాయన లేడు, నవ్వినవాడూ లేడు.
అయినా పైకే అన్నాను: షట్టరు.
పదిరోజుల కిందట పైన వదిలిన మాట.

అంతలోనే, నిన్న పొద్దున్న మాత్ర వేసుకున్నానా?
లైటు వేసి, డబ్బా వంచి,
అరచేతిలో లెక్కపెట్టడం మొదలెట్టాను.